వినికిడికి దిక్కు

చెవిటివాని ముందు శంఖమూదినట్లు అను సామెత మన తెలుగునాట తరతరములుగా వినబడుచున్నది. ఆ సామెతను పుట్టించినవారు వినికిడి లోపమును సగమే గ్రహించిరని చెప్పవలసియున్నది. బొత్తిగా ఏ ధ్వనియు వినబడనివారు లోపము గలవారిలో కొద్దిమందియే. తక్కినవారికి శంఖము వినబడును, డప్పు వినబడును, వాకిట కుక్క మొరుగుటయు వినబడును. వినబడనిది మాట. అందును ఒంటరిగా కూర్చుండి దగ్గరగా పలికిన మాట కాదు. పదిమంది కూడిన చోట ఎదుటివాడు పలికిన మాట తక్కిన రొదలోనుండి విడివడి వారికి చేరదు.

బుచ్చయ్యపేట వంటి గ్రామమును తలచుకొందము. నాటి విశాఖపట్నము జిల్లా చోడవరము ప్రాంతములోని ఈ ఊరు 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరియున్నది. చుట్టును చెరకు పండు నేల. ఇట్టి ఊరిలో ఒక పెద్దాయనకు వినికిడి తగ్గినది. కుమారుడు పట్టణమునకు తీసికొనిపోయి, డబ్బు వెచ్చించి, వినికిడి యంత్రము కొని పెట్టెను. ఇంటిలో భార్యతో మాటలాడునపుడు అది బాగుగనే పనిచేసినది. పెండ్లి పందిటిలోను, సంతలోను, రచ్చబండ యొద్దను మాత్రము గిన్నెల చప్పుడు, మోటారు సైకిళ్ల మోత, పదిమంది మాటలు అన్నియు ఒక్కమారుగా పెద్దవై చెవిలో పడసాగినవి. నెల తిరుగకుండగనే యంత్రము పెట్టెలోనికి పోయినది. ఇది ఏ ఒక్క ఊరి కథయు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారము, చికిత్సయో సాధనమో అవసరమగునంతటి వినికిడి లోపము గలవారు ప్రపంచమున 43 కోట్లకు మించియున్నారు. వారిలో యంత్రము దొరకనివారు అనేకులు; దొరకియు దానిని పెట్టెలో దాచినవారు మరి కొందరు.

ఇంటివారు సామాన్యముగా ఇట్టి యెడల పెద్దాయన మొండితనమును నిందింతురు. లేదా యంత్రము చెడ్డదనుకొందురు. అసలు లోపము వేరు. చెవికి బలము నిచ్చిన యంత్రము దిక్కు నివ్వలేదు. వినికిడి సాధనముల చరిత్రను పరికించినచో మనకొక విచిత్రము కానవచ్చును. తొలుత మానవుడు చేసికొన్న సాధనములకు దిక్కు తెలియును. విద్యుచ్ఛక్తి వచ్చిన పిమ్మట వాటికి బలము పెరిగి దిక్కు పోయినది. పోయిన దిక్కును మరల తెచ్చుటకు శాస్త్రజ్ఞులకు చాలకాలము పట్టినది. ఆ కథనే ఇక్కడ చెప్పదలచితిమి.

ముందుగా ఆరోగ్యముగల చెవి చేయు పనిని తెలిసికొందము. మనకు రెండు చెవులు కలవు. కుడివైపునుండి వచ్చు ధ్వని కుడిచెవిని ముందు చేరి, ఎడమచెవిని కొంచెము ఆలస్యముగా చేరును. ఆ ఆలస్యము మిక్కిలి ఎక్కువైనపుడు కూడ సెకనును పదివేల భాగములు చేసిన అందులో 6, 7 భాగములకు మించదు. అంతటి సూక్ష్మ భేదమును మెదడు పసిగట్టి, ఏ ధ్వని ఏ దిక్కునుండి వచ్చినదో తేల్చి, మనము కోరిన మాటను ముందుకు తెచ్చి, తక్కినవానిని వెనుకకు నెట్టును. 1953లో ఇంగ్లండుకు చెందిన కాలిన్ చెర్రీ అను శాస్త్రజ్ఞుడు ఈ శక్తిని ప్రయోగములతో పరీక్షించి, విందులో నలుగురు మాటలాడుచుండగా ఒకరి మాటను మాత్రమే మనమెట్లు వినగలుగుచున్నామను ప్రశ్నకు ప్రసిద్ధి కలిగించెను. లోపలి చెవిలోని సున్నితమైన కణములు చెడినపుడు ధ్వని చిన్నదగుటయే కాక చెదరియు పోవును. 1978లో డచ్చి శాస్త్రజ్ఞుడు రైనియర్ ప్లాంప్ ఈ రెండు లోపములను వేరుపరచి చూపెను. చిన్నదైన ధ్వనిని పెద్దది చేయవచ్చును. చెదరిన ధ్వనిని పెద్దది చేసినచో చెదరుటయు పెద్దదగును. దానికి మందు ఒక్కటే: రొద చెవిని చేరకమునుపే దానిని తగ్గించి, మాటను మాత్రము లోనికి పంపుట.

ఈ మందును మానవుడు శాస్త్రము పుట్టకముందే కనుగొనెను. వినబడనపుడు చెవి వెనుక అరచేతిని దొప్పవలె పట్టుట మన పెద్దలందరు ఎరిగినదే. అరచేయి ఎదుటి ధ్వనిని పట్టి చెవిలోనికి మళ్లించును. వెనుకటి ధ్వనికి అడ్డు నిలుచును. ఆంగ్ల చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ 1775 ప్రాంతమున తన రూపమును తానే చిత్రించుకొనుచు, చెవి వెనుక చేయి పట్టిన చెవిటివానిగనే చూపుకొనెను. ఆ చేతికి బదులు వచ్చినదే చెవిబూర. ఒక కొన వెడల్పుగను, రెండవ కొన సన్నముగను ఉండు ఈ బూరను లోహముతోను, కొమ్ముతోను చేయుచుండిరి. సంగీత విద్వాంసుడు బేథోవెన్‌కు మేల్జెల్ అను యంత్రనిపుణుడు 1814 ప్రాంతమున ఇట్టి బూరలను చేసి యిచ్చెను. లండనులో రైన్ అను వర్తకుని సంస్థ వీనిని విక్రయార్థము తయారుచేయుటలో పేరుపొందినది. 1819లో ఆ సంస్థ పోర్చుగలు రాజైన ఆరవ జోవాన్ కొరకు ఒక సింహాసనమును చేసినది. దాని చేతులు రెండును నోరు తెరచిన సింహములు. విన్నవించుకొనదలచినవాడు మోకరించి సింహపు నోటిలో మాటలాడవలెను. ఆ మాట ఆసనములోని గొట్టము ద్వారా రాజు చెవికి చేరును. రాజు గొప్పతనమునకు భంగము లేదు, మాటలాడువాడు దగ్గరకు రాక తప్పదు!

ఈ బూరల గుణమును మనము గమనింపవలెను. అవి ధ్వనిని పెంచునది కొంచెమే. అయినను వాటి నోరు ఎటు తిరిగియున్నచో అటు మాటయే లోనికి పోవును. పట్టుకొన్నవాడు ఎవరి మాట వినదలచెనో వారివైపు బూరను త్రిప్పును. చెవికి కన్నువలె చూపు కలిగినది. ఇక, బూర కనబడగానే ఎదుటివాడు దగ్గరకు వచ్చి నోరు తెరచి స్పష్టముగా పలుకును. ఇదియు తక్కువ లాభము కాదు.

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనును కనుగొనెను. 1878లో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ బొగ్గు మైక్రోఫోనును లోకమునకు చూపెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ అను యువకుడు ఈ రెండింటిని చేర్చి విద్యుత్తుతో పనిచేయు వినికిడి యంత్రమును నిర్మించెను. ఇంగ్లండు రాణి అలెగ్జాండ్రా 1902లో పట్టాభిషేకమునాడు దానిని వాడెనని ప్రసిద్ధి. 1920ల ఆరంభమున రేడియో వాల్వులు ఈ యంత్రములలో చేరినవి. బలము పెరిగినది, బ్యాటరీల బరువును పెరిగినది. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. ప్రజలు కొనుక్కొన్న వస్తువులలో ట్రాన్సిస్టరును ముందుగా వాడుకొన్నవానిలో వినికిడి యంత్రము ఒకటి. 1952 చివర సోనోటోన్ సంస్థ దానిని విక్రయమునకు పెట్టినది. బెల్ తల్లియు, భార్యయు వినికిడి లేనివారు. ఆయన స్మృత్యర్థము, వినికిడి యంత్రములలో వాడు ట్రాన్సిస్టరులకు బెల్ సంస్థ హక్కుల రుసుము తీసికొనలేదు. మన ఇండ్లలోని ట్రాన్సిస్టరు రేడియోకు వినికిడి యంత్రము ఈ విధముగా అక్క వరుస అగును.

ఈ అభివృద్ధి అంతయు బలమును గూర్చినదే. మైక్రోఫోను రొమ్ము మీది పెట్టెలోనికి పోయినది. మన దేశములోను చొక్కా జేబులో పెట్టుకొని, తీగతో చెవికి తగిలించుకొను యంత్రములే బహుకాలము వాడుకలో నుండినవి. జేబులోని మైక్రోఫోను నలుదిక్కుల ధ్వనిని సమముగా గ్రహించును. పైగా చొక్కా గుడ్డ రాచుకొన్న చప్పుడును మాటతోపాటు పెద్దది చేయును. రెండు చెవులు దేవుడిచ్చినను, వినునది రొమ్ము మీది ఒక్క చెవియే అయినది. 1950ల నడుమ యంత్రము చెవి వెనుకకు చేరినది గాని, దాని మైక్రోఫోనుకు ముందు వెనుకల భేదము తెలియదు. బూర ఇచ్చిన దిక్కును విద్యుత్తు హరించినది.

ఇదే కాలమున దిక్కు తెలిసిన మైక్రోఫోను లోకమున లేకపోలేదు. అది రేడియో స్టూడియోలలోను, చలనచిత్రశాలలలోను హాయిగా పనిచేయుచుండెను. 1930ల ఆరంభమున అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థకు చెందిన హ్యారీ ఆల్సన్ రిబ్బను మైక్రోఫోనును వాడుకలోనికి తెచ్చెను. పలుచని లోహపు పట్టీ రెండు అయస్కాంతముల నడుమ వ్రేలాడును. ఎదుటి ధ్వనియు, వెనుకటి ధ్వనియు దానిని కదలించును. ప్రక్కల ధ్వని రెండు వైపుల సమముగా తాకుటచే అది కదలదు. రేడియో నాటకములో ఇద్దరు నటులు మైక్రోఫోనుకు చెరియొక వైపున నిలిచి సంభాషించుటకును, ఒకడు దూరముగా పోవుచున్నట్లు వినిపింపవలసినపుడు ప్రక్కకు జరుగుటకును ఇదియే ఆధారము. 1948లో విజయవాడ కేంద్రమును, 1963లో విశాఖపట్నము కేంద్రమును ప్రారంభమైన నాటినుండి నాటకములు వినుచు వచ్చిన శ్రోతలు ఈ విద్య ఫలితమును అనుభవించినవారే. 1939లో అమెరికాలోని ష్యూర్ సంస్థలో బెంజమిన్ బాయర్ ఇంకొక మెట్టు ఎక్కి, ఎదుటి ధ్వనిని మాత్రమే గ్రహించి వెనుకటిదానిని త్రోసిపుచ్చు మైక్రోఫోనును ఒకే పరికరముతో సాధించెను. బహిరంగ సభలలో ఉపన్యాసకుల యెదుట నిలుచు మైక్రోఫోనులకు అది మార్గదర్శి అయినది.

ఆ సూత్రమును సులభముగా చెప్పవచ్చును. మైక్రోఫోను లోపల పలుచని పొర యొకటి ఉండును. ఆ పొరకు ముందొక రంధ్రము, వెనుక నొక రంధ్రము. రెంటికి నడుమ దూరము 12 మిల్లీమీటర్లు అనుకొందము. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గనుక ఆ దూరమును దాటుటకు సెకనులో పదిలక్షవ వంతులు 35 పట్టును. వెనుకటి రంధ్రములో సన్నని జల్లెడవంటి తెరను అమర్చి, అటు ప్రవేశించిన ధ్వనిని సరిగా అంతకాలమే ఆలస్యము చేయుదురు. ఇపుడు వెనుకనుండి ఒక చప్పుడు వచ్చెననుకొనుడు. అది వెనుకటి రంధ్రమును ముందు చేరును, గాని తెరలో తడవు చేయును. అంతలో అదే చప్పుడు చుట్టి వచ్చి ముందటి రంధ్రములో ప్రవేశించును. రెండును ఒకే క్షణమున పొరను రెండు వైపుల తాకును. ఇద్దరు ఇరువైపులనుండి సమబలముతో నెట్టిన తలుపు కదలనట్లు ఆ పొర కదలదు. కదలని పొర ధ్వనిని పంపదు. ఎదుటినుండి వచ్చిన మాటయో, ముందటి రంధ్రమును మొదటనే చేరి పొరను కదలించును. వెనుకటి రంధ్రమునుండి దాని ప్రతి ఆలస్యముగా చేరును గనుక దానిని అడ్డగింపలేదు. మాట లోనికి పోవును, రొద వెలుపల నిలుచును.

ఇంత తేలిక సూత్రము చెవి వెనుకకు చేరుటకు 30 సంవత్సరములు పట్టుటకు కారణము పరిమాణము. చింతగింజంత మైక్రోఫోనులో ఈ అమరికను ఇముడ్చుట కష్టము. 1962లో బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అను ఇరువురు, విద్యుదావేశమును శాశ్వతముగా నిలుపుకొను పలుచని ప్లాస్టిక్ పొరతో ఎలెక్ట్రెట్ మైక్రోఫోనును నిర్మించిరి. చిన్నది, చవుక, నమ్మదగినది. 1969లో పశ్చిమ జర్మనీలో విల్కో సంస్థ దిక్కు తెలిసిన మైక్రోఫోను గల వినికిడి యంత్రమును మొట్టమొదట విక్రయమునకు తెచ్చినది. 1971లో మైకో సంస్థ అమెరికాలో ప్రవేశపెట్టినది. అటుపై ఎలెక్ట్రెట్ మైక్రోఫోను వినికిడి యంత్రములన్నిటను వ్యాపించినది.

పోయిన దిక్కు దొరకినది గదా, ఇక కథ ముగిసినదనుకొనరాదు. ఆ సూత్రమునకు ఒక వెల కలదు. సెకనుకు 200 కంపనములు గల బొంగురు ధ్వని యొక్క అల పొడవు 1.7 మీటర్లు. అంత పొడవైన అలకు 12 మిల్లీమీటర్ల దూరము లెక్కలోనిది కాదు. పొర రెండు వైపుల దాదాపు ఒకే ఒత్తిడి పడును. ఎదుటినుండి వచ్చిన మంద్రధ్వని సైతము క్షీణించి, మాట పీలగా వినబడును. మంద్రమును తిరిగి పెంచినచో యంత్రపు సొంత బుసయు పెరుగును. గాలి వీచినచో రొద ఇనుమడించును. వీధిలో నడచునపుడు వెనుకనుండి వచ్చు బస్సు కూతయు వినబడవలెను గదా! ఎల్లవేళల ముందుకే చూచు చెవి క్షేమము కాదు. ఆనాటి యంత్రములలో అనేకమునకు మార్చుకొను మీట లేకుండెను.

ఇంకొక కారణము యంత్రమునకు సంబంధించినది కాదు. మనుష్యుల సిగ్గునకు సంబంధించినది. 1983లో అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ చెవిలోనే ఇముడు యంత్రమును ధరించినట్లు లోకమునకు తెలిసినది. దేశాధినేతయే ధరించెనని అనేకులకు ధైర్యము కలిగినది, అది మేలు. కాని ఆ పిమ్మట అందరును కనబడని యంత్రమునే కోరసాగిరి. చెవి రంధ్రములో దాగినంత చిన్న యంత్రములో ముందు వెనుక రంధ్రములకు చోటెక్కడ? దాచుకొనవలెనను కోరికచే దిక్కు రెండవమారు పోయినది. బూరను సభలో చేతపట్టిన పూర్వికునకు సిగ్గు లేకుండెను. అతనికి ఎదుటివాని మాట వినబడెను. ఈ భేదమును మేము చమత్కారమునకై చెప్పుట లేదు. నేటికిని మన ఇండ్లలో, ముఖ్యముగా ఆడపిల్లల విషయమున, యంత్రము కనబడునను భయమే ముందు నిలుచుచున్నది.

1990ల ఆరంభమున స్విట్జర్లాండుకు చెందిన ఫోనాక్ సంస్థ రెండు మైక్రోఫోనులను ఒకే యంత్రములో అమర్చి, వినువాడు మీట నొక్కి దిక్కును కోరుకొను ఏర్పాటు చేసినది. ఇంటిలో నలుదిక్కుల వినుట, విందులో ఎదుట మాత్రమే వినుట అతని చేతిలోనిదైనది. 1996లో డెన్మార్కు సంస్థలు వైడెక్స్, ఓటికాన్ అంకెల పద్ధతిని అనుసరించు యంత్రములను తెచ్చినవి. జల్లెడ తెర చేసిన ఆలస్యమును ఇపుడు గణితము చేయును. రొద ఎడమవెనుకకు జరిగినచో గణితమును దాని వెంటనే మరలి, అటు ద్వారమును మూయును. 2004లో సీమెన్స్ సంస్థ కుడి, ఎడమ యంత్రములను తీగ లేకుండ కలిపినది. తదుపరి వచ్చిన యంత్రములలో రెండు చెవుల మైక్రోఫోనులు నాలుగును కూడి ఒక్క దిక్కును వెదకుచున్నవి.

పెక్కు చెవులు కూడి ఒక దిక్కును వినుట మన విశాఖ తీరమునకు క్రొత్త కాదు. సముద్రములో చీకటియే గాని చూపు లేదు. నీటి అడుగున పడవ జాడను వినియే తెలిసికొనవలెను. నీటి మైక్రోఫోనులను వరుసగా అమర్చి, ఒక్కొక్కదాని ధ్వనిని తగినంత ఆలస్యము చేసి కూర్చినచో కోరిన దిక్కునుండి వచ్చినది బలపడును, తక్కినది సన్నగిల్లును. చెవి వెనుకటి యంత్రములోని గణితమునకు ఇది జ్ఞాతి. విల్కో యంత్రము పుట్టిన 1969లోనే విశాఖపట్నమున నౌకాదళ విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల ఏర్పడినది. సముద్రాయుధముల కొరకు నెలకొన్న ఆ ప్రయోగశాల, అబ్దుల్ కలాము గారి ప్రోత్సాహముతో, స్వదేశీ కాక్లియర్ ఇంప్లాంటును రూపొందించు పనిని చేపట్టుట మన ప్రాంతమునకు గర్వకారణము. బొత్తిగా వినబడని శిశువునకు లోపలి చెవిలో సన్నని విద్యుత్తీగను అమర్చి, నాడిని నేరుగా తట్టు సాధనమిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద ఈ శస్త్రచికిత్స పేద పిల్లలకును అందినది. తీగ లోపలనున్నను మైక్రోఫోను మాత్రము చెవి వెలుపలనే ఉండును. అందుచే బడిగదిలో ఆ పిల్లవానికిని దిక్కు ప్రశ్న తప్పదు.

ఇంతకును ఈ విద్యవలన కలుగు లాభమెంత? చుట్టును సమముగా రొద వ్యాపించిన చోట, పైన చెప్పిన మైక్రోఫోను సిద్ధాంతరీత్యా 4.8 డెసిబెల్లుల మేలు చేయును. తలకు తగిలించి సామాన్యపు గదులలో వాడునపుడు అది 3 డెసిబెల్లుల దాపున నిలుచును. అంకె చిన్నదిగా తోచవచ్చును. కాని మాట వినబడీ వినబడని అంచున, ఒక్కొక్క డెసిబెల్లు మేలునకు వాక్యములు అర్థమగుట నూటికి 10 పాళ్ల వరకు పెరుగును. సంభాషణలో పాలుగొనుటకును, తల యూపుచు ఊరకుండుటకును నడుమ భేదమంతయు అక్కడనే యున్నది.

హద్దులును కలవు. కాంక్రీటు గోడలు, నాపరాతి నేల గల కల్యాణమండపములో మాట గోడలను తాకి నలుప్రక్కలనుండి తిరిగి వచ్చును. మాటలాడువాడు దూరమున నున్నచో అతని మాటయు వెనుకనుండియే వచ్చినట్లగును. అపుడు ఏ మైక్రోఫోనుకును దిక్కు తోచదు. దగ్గర నున్నవాని విషయముననే ఈ విద్య ఫలించును. తలకు వెనుకనుండి పిలిచి, పలుకలేదని కోపించుట అన్యాయమనుట ఇందుచేతనే.

కావున యంత్రము కొనదలచిన ఇంటివారు ముందుగా చెవిని పరీక్ష చేయింపవలెను. విశాఖపట్నములో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి కలదు. ఆర్థికముగా వెనుకబడినవారికి సహాయ సాధనములిచ్చు కేంద్ర ప్రభుత్వ పథకము 1981 నుండి అమలులో నున్నది. దుకాణములో యంత్రము ఎంత చిన్నదని కాక, దానికి దిక్కు మార్చుకొను వీలు కలదా యని అడుగవలెను. ఆ వీలును ఎపుడు, ఎట్లు వాడవలెనో చూపించుమని కోరవలెను. రెండు చెవులకును లోపమున్నచో రెండింటికి యంత్రములు ఉండుట మేలు.

ఇక ఇంటిలో చేయవలసినవి ఖర్చు లేని పనులు. పెద్దాయన వీపు వంటింటి చప్పుడువైపును, ముఖము మాటలాడువారివైపును ఉండునట్లు కుర్చీని మార్చుడు. రేడియోను ఆయనకు ఎదుట, మూడు నాలుగు అడుగుల దూరములో ఉంచుడు. ప్రక్కగదిలోని గూటిలో కాదు. భోజనముల వేళ ఆయనను పంక్తి నడుమ కాక గోడవారగ కూర్చుండబెట్టి, మనుమని ఎదుట కూర్చుండమనుడు. దీపపు వెలుతురు మాటలాడువాని ముఖముపై పడవలెను. కేకలు వేయవద్దు, దగ్గరకు వచ్చి, ముఖము చూచి, నిదానముగా పలుకుడు. పెట్టెలోని యంత్రమును నేడే తీసి, క్రొత్త బ్యాటరీ వేసి, ఈ రీతిగా ఒకమారు కూర్చుండబెట్టి చూడుడు.